అద్దకపు రంగులు – ఆర్.ఎన్.ఏ. నాణ్యము

ఆంగ్లమున 'స్టెయినింగ్' అని వ్యవహరింపబడు ప్రయోగక్రియకు మన పాఠ్యగ్రంథములందు 'అభిరంజనము' అను సంస్కృతపదము వాడుకలోనికి వచ్చినది. ఆ పదమందు దోషమేమియు లేదు. కాని ఆ క్రియ యెట్టిదో, దానివలన కణజాలమునకు ఏమి జరుగునో తెలిసికొనగోరు విద్యార్థికి 'అద్దకము' అను తెలుగు మాటయే యెక్కువ సాయపడునని నా తలంపు. ఏలయన, సూక్ష్మదర్శినిక్రింద కణములను చూచుటకు జీవశాస్త్రజ్ఞులు వాడు రంగులలో పెక్కు మొదట బట్టలకు రంగు వేయువారివి. రంగులే కాదు, ఆ రంగులను పట్టించు పద్ధతియు వారినుండి వచ్చినదే.

ఈ వ్యాసమున విచారింపబడు విషయమిది. కణజాలమునుండి లేసరు కిరణముతో కొద్ది కణములను మాత్రమే యేరి తీసి, వానిలోని ఆర్.ఎన్.ఏ.ను పరీక్షించు పద్ధతి 1996 తరువాత లోకమున వ్యాపించినది. ఏ కణమును ఏరవలెనో తెలియుటకు ముందుగా రంగు వేయవలెను. ఆ రంగు వేయుటలోనే ఆర్.ఎన్.ఏ. చెడుచున్నది. చూడనిదే యేరలేము, చూచుటకై చేసిన పని యేరినదానిని పాడుచేయుచున్నది. ఈ చిక్కునకు కారణము రంగా, రంగును మోసికొనివచ్చు నీరా, పనిలో గడచు కాలమా అను ప్రశ్నను విడదీసి చూచినగాని పరిష్కారము దొరకదు. విజ్ఞానవిషయములను తెలుగున బోధించు ఉపాధ్యాయులకును, పారిభాషికపదములను గూర్చి పరిశోధించు విద్యార్థులకును గూడ ఈ ప్రశ్న పనికివచ్చునని తోచి, కొంత వివరముగ వ్రాయుచున్నాను.

రంగు వేయుటలో రెండు తీరులు కలవు. కృష్ణాతీరమున ఈ రెండింటికిని ప్రసిద్ధమైన ఉదాహరణములు ఉన్నవి. మొదటిది కొండపల్లి బొమ్మ. కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రను చెక్కి, సన్నని సెగపై నుంచి అందలి తడిని పోగొట్టి, భాగములను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన తెల్లని పూత వేసి, ఆ పూతమీద రంగులు దిద్దుదురు. ఇచ్చట రంగు పైననే నిలుచును. కర్రలోనికి చొరబడదు, కర్రతో దానికి రసాయనసంబంధమేమియు లేదు. రంగును గీకివేసినచో కర్ర మొదటివలెనే యుండును. ఇంకొక సంగతి గమనింపవలెను: రంగు మాట యెత్తుటకు ముందే కర్రలోని తడి పోవలెను. తడియున్న కర్ర తరువాత బిగిసి, పగిలి, బొమ్మను చెరుచును. ఈ సంగతితో మనకు మరల పని యున్నది.

రెండవది, అదే నది సముద్రమును సమీపించు తావున, మచిలీపట్టణము, పెడన ప్రాంతముల కలంకారీ అద్దకము. ఇచ్చట గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రవమున తడిపి ఆరవేయుదురు. ఇనుపముక్కలు, బెల్లము కలిపి నాళ్ళ తరబడి ఊరవేసిన నీటితో నల్లని గీతలు ముద్రింతురు. ఎరుపు కావలసిన చోటుల పటిక కలిపిన ద్రవమును అచ్చుతో అద్దుదురు. అప్పటికి అచ్చట ఎరుపు లేదు. తరువాత చిరివేరువంటి ఎర్రరంగు వేళ్ళు వేసి కాచిన నీట గుడ్డను ఉడికించినప్పుడు, పటిక పడినచోట మాత్రమే యెరుపు నిలుచును. తక్కినచోట కడిగిన పోవును. అనగా గుడ్డకును రంగునకును నడుమ పటికలోని అల్యూమినియము ముడివేయుచున్నది. నలుపునకు ఇనుము ఆ పనియే చేయుచున్నది. ఇది పైపూత కాదు. నూలుపోగులోనికి పోయి, దానిని పట్టుకొను రంగు. దీనికి నీరు కావలెను, నానుట కావలెను, కాలము కావలెను.

కణజాలపు అద్దకము ఈ రెండవ తీరుది. సూక్ష్మదర్శినీ పరీక్షలలో మిక్కిలి ప్రసిద్ధమైన హెమటాక్సిలిన్ అనునది మెక్సికో దేశపు కంపీచీ ప్రాంతమున పెరుగు ఒక చెట్టు చేవనుండి వచ్చునది. ఐరోపాలో బట్టల అద్దకమునకై ఆ కలపను విశేషముగ దిగుమతి చేసికొనెడివారు. హెమటాక్సిలిన్ తనంతట కణజాలమును పట్టదు. ముందు ఆక్సీకరణము చెంది, తరువాత పటికలోని అల్యూమినియముతో గూడినప్పుడు దానికి ధనావేశము వచ్చును. కేంద్రకములోని న్యూక్లియిక్ ఆమ్లముల ఫాస్ఫేటులకు ఋణావేశము కలదు. ఈ రెండును కలియుటవలన కేంద్రకము నీలముగ కనబడును. పటికకు బదులు ఇనుపలవణము వాడు పద్ధతియు కలదు. 1892లో హైడెన్‌హైన్ ప్రచారము చేసిన ఇనుప హెమటాక్సిలిన్ అట్టిది. పెడన అద్దకపుపనివాడు ఎరుపునకు పటికను, నలుపునకు ఇనుమును వాడుటలో ఏ రసాయనసూత్రమును అనుసరించునో, జర్మనీదేశపు ప్రయోగశాలలవారును ఆ సూత్రమునే అనుసరించిరి. హెమటాక్సిలిన్‌తో జతగా వాడు ఇయోసిన్ 1870ల దశకమున జర్మనీ రంగుల పరిశ్రమ ప్రసాదించిన కృత్రిమ వర్ణము. అది ప్రోటీనులను గులాబిరంగున చూపును.

మరి ఆర్.ఎన్.ఏ. సంగతి యేమి? ఆర్.ఎన్.ఏ.కు గూడ ఫాస్ఫేటులు కలవు కనుక క్షారస్వభావముగల రంగులు దానిని గూడ పట్టుకొనును. 1880ల దశకమున ఫ్రాంజ్ నిస్ల్ నాడీకణములకు అట్టి రంగు వేసి, కేంద్రకమునకు వెలుపల ముదురుగా కనబడు రేణువులను వర్ణించెను. అవి ఆర్.ఎన్.ఏ. సమృద్ధిగా గల భాగములని తరువాతి కాలమున తేలినది. 1940ల దశకమున బెల్జియము దేశీయుడైన ఝాఁ బ్రాషే ఇంకొక అడుగు ముందుకు వేసెను. మిథైల్ గ్రీన్, పైరోనిన్ అను రెండు రంగులను కలిపి వేసినచో డి.ఎన్.ఏ. ఆకుపచ్చగను, ఆర్.ఎన్.ఏ. ఎర్రగను కనబడును. ఆ యెరుపు నిజముగా ఆర్.ఎన్.ఏ.దేనా యని తెలియుటకు ఆయన మరియొక కోతకు ముందుగా రైబోన్యూక్లియేజు అను ఎంజైమును పట్టించి, తరువాత రంగు వేసెను. ఎరుపు మాయమయ్యెను. ఆనాడు ఆ ఎంజైము పరిశోధకునకు సాక్షి. నేడు లేసరుతో కణములను ఏరువానికి అదియే శత్రువు.

కణములను ఏరుట యెందుకు? ఒక కాలేయపు ముక్కనో, కంతి ముక్కనో తీసి నూరి ఆర్.ఎన్.ఏ. తీసినచో వచ్చునది కలగూరగంప. అందు కంతికణములు, రక్తనాళపుకణములు, తెల్లరక్తకణములు, నారకణజాలము అన్నియు కలిసియుండును. ఒకానొక జన్యువు ఎక్కువగా పనిచేయుచున్నదని తేలినను, అది యే కణమున పనిచేయుచున్నదో చెప్పలేము. 1996లో అమెరికాలోని బెథెస్డా నగరపు జాతీయ ఆరోగ్యసంస్థలకు చెందిన ఎమర్ట్-బక్, లియోటా మొదలగువారు దీనికొక ఉపాయమును ప్రకటించిరి. పలుచని కోతపై వేడికి కరగు ఒక పొరనుంచి, సూక్ష్మదర్శినినుండి చూచుచు, కావలసిన కణముమీద లేసరు కాంతిని ప్రసరింపజేసినచో పొర అచ్చట మాత్రము మెత్తబడి కణమును అంటుకొనును. పొరను ఎత్తగా కణము దానితో వచ్చును. తరువాత అతినీలలోహిత లేసరుతో కణముచుట్టు కోసి తీయు యంత్రములును వచ్చినవి.

ఇట్లు తీసిన పదార్థము మిక్కిలి స్వల్పము. క్షీరదముల కణమొక్కటింటిలో ఆర్.ఎన్.ఏ. మొత్తము సుమారు 10 మొదలు 30 పికోగ్రాములు. వేయి కణములను ఏరినను 10 నానోగ్రాములకు అటునిటుగా లభించును. కోతలో కణములు సగము సగము తెగియుండును కనుక అదియు దక్కకపోవచ్చును. అందులో ప్రోటీనులకు సందేశమును మోయు ఆర్.ఎన్.ఏ. నూటికి కొద్ది పాళ్ళు మాత్రమే. అధికభాగము రైబోసోముల ఆర్.ఎన్.ఏ. ఇంత చిన్న పెట్టుబడిలో నష్టమునకు తావు లేదు. పైగా రోగి దేహమునుండి తీసిన ముక్క చిన్నది. మరల తీయుటకు వీలుండని సందర్భములే యెక్కువ.

ఆర్.ఎన్.ఏ. తెగుటకు రెండు కారణములు. ఒకటి దాని నిర్మాణమున నున్నది. డి.ఎన్.ఏ.లో లేని ఒక హైడ్రాక్సిల్ సమూహము ఆర్.ఎన్.ఏ. చక్కెరయందు రెండవ స్థానమున కలదు. అది ప్రక్కనున్న ఫాస్ఫేటు బంధమును తానే త్రెంపగలదు. క్షారద్రవములును, పెక్కు లోహముల అయానులును ఈ చర్యకు తోడ్పడును. రెండవ కారణము, ఆచరణలో నిజముగ బాధించునది, రైబోన్యూక్లియేజు. ఈ ఎంజైము మన చర్మముమీద కలదు, ధూళియందు కలదు, అన్నిటికిని మించి పరీక్షింపబడు కణజాలములోనే కలదు. క్లోమమున విస్తారముగ నుండును. దాని మొండితనము ప్రసిద్ధము. మరగించినను చల్లారిన పిమ్మట పూర్వాకృతిని పొంది మరల పనికి పూనుకొనును. విప్పబడిన ప్రోటీను తనంతట సరియైన ఆకారమున ముడుచుకొనగలదని క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ నిరూపించినది ఈ ఎంజైముతోడనే; దానికై 1972లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. దీని పనికి లోహఅయానుల సాయము గూడ అక్కరలేదు. పెక్కు ఎంజైములను ఆపుటకు వాడు లోహములను బంధించు ద్రవ్యములు దీనియెడ నిరర్థకములు. దీనికి తప్పక కావలసినది ఒక్కటే – నీరు.

ఇచ్చట చిక్కుముడి విడుట ఆరంభమగును. చేతులకు తొడుగులు వేసికొని, ఎంజైము లేని నీటిని వాడి, పాత్రలను కాల్చి శుద్ధిచేసినను, వెలుపలి రైబోన్యూక్లియేజు మాత్రమే తొలగును. లోపలిదానిని తొలగింపలేము. దానిని నిద్రలో నుంచవలెను. కణజాలమును తీసిన వెంటనే గడ్డకట్టించి −80 డిగ్రీల సెల్సియసున నిలువయుంచుట అందుకొరకే. క్రయోస్టాటు అను శీతలయంత్రమున 5 మొదలు 10 మైక్రానుల మందముగల కోతలు కోసి, గాజుపలకపై నుంచి, వెంటనే 70 పాళ్ళ ఆల్కహాలున ముంతురు. ఆల్కహాలు ప్రోటీనులను విరియజేసి కదలకుండ చేయును. అయినను రైబోన్యూక్లియేజు అందువలన చావదు. నీరు దొరికిన మేల్కొనును.

ఇప్పుడు సాంప్రదాయికమైన హెమటాక్సిలిన్–ఇయోసిన్ అద్దకమును ఈ దృష్టితో చూతము. ఆల్కహాలులోని కోతను ముందుగా నీటిలోనికి దింపుదురు. నీటిలో కరగియున్న పటిక హెమటాక్సిలిన్‌లో నుంతురు. మరల నీట కడుగుదురు. రంగు ఎర్రనినుండి నీలమునకు తిరుగుటకై కొంచెము క్షారగుణముగల నీట ముంతురు. మరల కడుగుదురు. అటుపిమ్మట ఇయోసిన్, క్రమముగ చిక్కనగు ఆల్కహాలులు, తుదకు జైలీను. రోగనిర్ణయమునకై చేయు సామాన్య పరీక్షలో ఈ నీటి మెట్లన్నిటికిని నిమిషములు పట్టును. అందు ప్రతి నిమిషమును లోపలి ఎంజైమునకు విందు. క్షారపునీటి మెట్టు ఆర్.ఎన్.ఏ. స్వభావమునకే ప్రతికూలము. అయినను ఈ మెట్లను సెకనులకు కుదించి, నీటిలో ఎంజైమునిరోధకములను కలిపి, పని త్వరగా ముగించువారికి హెమటాక్సిలిన్‌తోను ఆమోదింపదగిన ఫలితములు వచ్చినవి. ఒకే రంగు ఒకచోట హానికరమనియు, మరియొకచోట ఫరవాలేదనియు పరిశోధకులు వ్రాయుటకు ముఖ్యకారణమిదియే. వారు పోల్చినది రంగులనని చెప్పిరి. నిజమునకు పోల్చినది పెక్కుసారులు నీటియందు గడచిన కాలమును.

దీనిని స్పష్టముగ వేరుచేసి చూపిన పరిశోధన 2008లో 'ఆర్.ఎన్.ఏ.' అను పేరుగల పత్రికలోనే ప్రకటితమైనది. ఫ్రాన్సు దేశమునకు చెందిన క్లెమాఁ-జీజా మొదలగువారు అద్దకపు రంగులకు ద్రావకముగ నీటికి బదులు ఎథనాలును వాడినను, లేసరుపని జరుగుచున్నంతసేపును గాజుపలకచుట్టు గాలికి బదులు ఆర్గాన్ వాయువు నింపినను, ఆర్.ఎన్.ఏ. బాగుగ నిలుచునని చూపిరి. రెండవ ఉపాయము మనసున నిలుపదగినది. ఆర్గాన్‌కు రంగుతో సంబంధము లేదు. గాలిలోని తేమను దూరముంచుటయే దాని ప్రయోజనము. అద్దకము పూర్తియై కోత ఆరిన తరువాత గూడ, సూక్ష్మదర్శినిక్రింద అర్ధగంటయో గంటయో యున్నప్పుడు, గాలిలోని నీటియావిరిని పీల్చుకొని లోపలి ఎంజైము మరల కదలుచున్నదని దీనివలన తేలుచున్నది.

కృష్ణాడెల్టావంటి తావులలో పనిచేయువారికి ఈ విషయము ఐరోపావారికంటె ఎక్కువ పట్టవలసినది. వానకాలమున విజయవాడ గాలి యెంత తేమతో నుండునో చెప్పనక్కరలేదు. అతిశీతలపేటికనుండి తీసిన గాజుపలకను అట్టి గాలిలో తెరచియుంచినచో దానిపై క్షణములో మంచుబిందువులు కట్టును. అవి కరగి కోతను తడుపును. రంగు వేయకమునుపే నష్టము జరిగిపోవును. కనుక పలకలను తేమను పీల్చు సిలికాగుళికలతో మూసినపెట్టెలో నుంచి, పెట్టె గదివేడికి వచ్చిన పిమ్మటనే తెరువవలెను, లేదా శీతలయంత్రమునుండి నేరుగా చల్లని ఆల్కహాలులోనికి దింపవలెను. గదిలో తేమను తగ్గించు యంత్రము లేసరుయంత్రమంత ముఖ్యము. చలిదేశముల ప్రయోగవిధులలో ఈ హెచ్చరిక ఒక వాక్యమున ముగియును. మనవారు దానిని మొదటి పుటలో వ్రాసికొనవలెను. తెల్లపొణికి కర్రలోని తడిని పోగొట్టనిదే రంగు ముట్టని కొండపల్లి పనివాని క్రమము ఇచ్చట గూడ చెల్లును.

నీటిమెట్లను తగ్గించు రంగులలో క్రెసిల్ వయొలెట్ అనునది యెక్కువ ఆదరణ పొందినది. అది నిస్ల్ నాటి రంగుల కుటుంబమునకు చెందిన క్షారవర్ణము. ఆల్కహాలున కరగును, అర్ధనిమిషము మొదలు నిమిషములోపల కేంద్రకములను కనబడునట్లు చేయును, పటికతో పని లేదు. 75, 95, 100 పాళ్ళ ఆల్కహాలులలో తేల్చి, జైలీనున ముంచి ఆరబెట్టినచో కొన్ని నిమిషములలో పని ముగియును. టొలుయిడిన్ బ్లూ మొదలగువానిని గూడ ఇట్లే వాడినవారు కలరు.

అయితే దీనికి మూల్యము కలదు. క్రెసిల్ వయొలెట్ ఒక్కరంగున చూపును. నీలము, గులాబి రెండును గల చిత్రమునకు అలవాటుపడిన రోగనిర్ణాయకుని కంటికి అది చాలదు. లేసరుతో తీయవలసిన కోతపై జిగురు వేసి పలుచని గాజును మూయుటకు వీలులేదు. అందువలన బొమ్మ మసకగా, గరుకుగా కనబడును. ఇట్టి చూపుతో ఏరినచో కంతికణమనుకొని ప్రక్కనున్న మరియొక కణమును తీయు ప్రమాదము కలదు. ఆర్.ఎన్.ఏ. నాణ్యమునే గణించువారు ఈ ప్రమాదమును చిన్నచూపు చూచుచున్నారని నా అభిప్రాయము. అన్యకణమునుండి చెక్కుచెదరక వచ్చిన ఆర్.ఎన్.ఏ. కంటె, కోరిన కణమునుండి కొంత తెగి వచ్చిన ఆర్.ఎన్.ఏ.యే మేలు. తెగినదానిని కొలచి తెలిసికొనవచ్చును. కణము మారినదని తరువాత తెలియు దారి లేదు. ప్రక్కప్రక్కనున్న రెండు కోతలలో ఒకదానికి హెమటాక్సిలిన్–ఇయోసిన్ తీరికగా వేసి, గాజు మూసి, దానిని పటముగ నుంచుకొని, రెండవదానికి క్రెసిల్ వయొలెట్ వేసి ఏరుట ఇందులకు వాడుకలోనున్న ఉపాయము.

కొన్ని కణములు సామాన్యరంగులకు గుర్తింపు నీయవు. తెల్లరక్తకణములలోని భేదములను తెలియుటకు ప్రతిరక్షకములు, అనగా ఒక్కొక్క ప్రోటీనునే పట్టుకొను ద్రవ్యములు కావలెను. ఆ అద్దకమునకు సామాన్యముగ గంటలు పట్టును, అదంతయు నీటిలోనే. 1999లో ఫెండ్ మొదలగువారు ఈ పనిని కొన్ని నిమిషములకు కుదించి, తరువాత లేసరుతో ఏరి ఆర్.ఎన్.ఏ. పొందవచ్చునని చూపిరి. కుదించుటవలన రంగు పలుచనైనది. ఏరుటకు అది చాలును.

ఇంతవరకును నీటిని నిందించితిమి. రంగునకు స్వంతదోషము లేదా? కొంత కలదు. ఆర్.ఎన్.ఏ. ఫాస్ఫేటులను పట్టుకొన్న రంగు, తరువాత ఆర్.ఎన్.ఏ.ను చదివి డి.ఎన్.ఏ.గా వ్రాయు ఎంజైమునకు, ఆ డి.ఎన్.ఏ.ను పెంపొందించు పి.సి.ఆర్. చర్యకు అడ్డువచ్చుట కద్దు. హెమటాక్సిలిన్ ఈ విషయమున అపకీర్తి పొందినది. చూపుటకై చేర్చిన ద్రవ్యము తరువాతి కొలతలో వ్రేలుపెట్టుట జీవరసాయనమున కొత్త కాదు. దానికి మిక్కిలి ప్రసిద్ధమైన దృష్టాంతము మన తెలుగువాని పరిశోధనయందే కలదు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో గూడి 1925లో భాస్వరమును రంగుతో కొలచు పద్ధతిని ప్రకటించెను. ఆమ్లమున ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, క్షయకరణద్రవ్యమును చేర్చినచో నీలము పుట్టును. నీలపు ముదురుతనమునుబట్టి ఫాస్ఫేటు ఎంతయో తెలియును. ఈ పద్ధతిని కండరమునుండి తీసిన ద్రవమునకు ఉపయోగించినప్పుడు ఒక వింత కనబడెను. నీలము వెంటనే రావలసినంత రాక, మెల్లమెల్లగ ముదురుచుండెను. కండరములో స్వేచ్ఛగా నున్న ఫాస్ఫేటు అని అంతవరకు రసాయనజ్ఞులు లెక్కించినదానిలో పెద్దభాగము నిజమునకు స్వేచ్ఛగా లేదు. అది క్రియేటినుతో గూడి అస్థిరమైన ఒక పదార్థముగ నున్నది. రంగు పుట్టించుటకు వేసిన ఆమ్లమాలిబ్డేటే దానిని విడదీసి ఫాస్ఫేటుగా మార్చుచున్నది. 1927లో ఫాస్ఫోక్రియేటిను ఇట్లు బయటపడినది. అంతకు మునుపటి రసాయనజ్ఞులు కొలచినది కండరమును కాదు, తమ ద్రవ్యము కండరమునకు చేసిన హానిని. రంగు ఆలస్యముగ వచ్చుటను ప్రయోగదోషమని త్రోసివేయక, ఆ ఆలస్యమునే గడియారముతో కొలచుట ఆ యిద్దరి ఘనత. ఆర్.ఎన్.ఏ. నిర్మాణమునకు కావలసిన నాలుగు ముడిపదార్థములలో ఒకటియైన అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కండరమున కనుగొన్నవారిలోను (1929) వారు గలరు.

లేసరుతో ఏరువారు గూడ ఇట్టి గడియారమునే పట్టవలెను. ఆర్.ఎన్.ఏ. అఖండతకు నేడు వాడుకలోనున్న కొలత 2006లో ప్రకటితమైన ఆర్.ఐ.ఎన్. అను అంకె. విద్యుత్ప్రవాహముతో ఆర్.ఎన్.ఏ. తునకలను పొడవునుబట్టి వేరుచేసి, ఆ చిత్రమునుండి 1 మొదలు 10 వరకు అంకె నిత్తురు. 10 అనినచో చెక్కుచెదరనిది. మానవునియందు రైబోసోముల ఆర్.ఎన్.ఏ.లలో పెద్దదియైన 28 ఎస్ సుమారు 5,000 న్యూక్లియొటైడుల పొడవు, 18 ఎస్ సుమారు 1,900. ఇవి రెండు నిట్రముగ నిలిచిన శిఖరములుగ కనబడినచో మంచిది; తెగినకొలది పెద్ద శిఖరము ముందుగ కుంగును, చిన్న తునకలు కుప్పపడును. ఈ అంకె ముఖ్యముగ రైబోసోముల ఆర్.ఎన్.ఏ.ను చూచి చెప్పునది. మనము కోరిన సందేశ ఆర్.ఎన్.ఏ. ఎట్లున్నదో అది నేరుగా చెప్పదు. ఏరిన కొద్ది కణములనుండి ఈ కొలత తీయుటకు పదార్థము చాలకపోవుటయు కలదు. అందుచేత గాజుపలకపై మిగిలిన కోతను గీకి తీసి దానికి కొలత చూచుట ఆచారము. అది మంచిదే. కాని కణములను ఏరుటకు పట్టిన గంట గడచిన తరువాత గీకినదానికే చూడవలెను. పని మొదలుకాకమునుపు గీకినదాని అంకెను చూపుట వధువునకు బదులు చెల్లెలిని చూపినట్లగును.

ఈ జాగ్రత్తలన్నియు ఎందుకనగా, తెగిన ఆర్.ఎన్.ఏ. ఊరక నశింపదు, అబద్ధము చెప్పును. సందేశ ఆర్.ఎన్.ఏ.కు ఒక చివర అడినిన్‌ల తోక యుండును. స్వల్పపదార్థమును పెంపొందించు పద్ధతులలో పెక్కు ఆ తోకను పట్టుకొని చదువ మొదలిడును. నడుమ తెగినచో తోకవైపు తునక మాత్రమే చదువబడి, రెండవ చివర కనబడకుండ పోవును. పొడవైన సందేశములకు ఎక్కడనో ఒకచోట తెగు అవకాశము ఎక్కువ. కనుక తెగిన నమూనాలో పొడవైన జన్యువులు మందగించినట్లు, పొట్టివి విజృంభించినట్లు తోచును. ఒక పరిశోధకుడు కంతికణములను ఏరుటకు ఇరువది నిమిషములు తీసికొని, అరుదుగా కనబడు ఆరోగ్యకణములను వెదకి ఏరుటకు రెండు గంటలు తీసికొన్నాడనుకొందము. రెండింటికిని ఒకే రంగు, ఒకే ద్రవములు. అయినను ఆరోగ్యకణముల ఆర్.ఎన్.ఏ. ఎక్కువ తెగియుండును. ఫలితములలో వందలకొలది జన్యువులు కంతిలో 'హెచ్చినట్లు' కనబడవచ్చును. వానిలో కొన్ని రోగమువలన హెచ్చినవి, కొన్ని గడియారమువలన. వానిని వేరుచేయు ఉపాయము తరువాత ఏ గణితమునందును సంపూర్ణముగ దొరకదు.

అందుచేత పరిశోధనపత్రమున 'క్రెసిల్ వయొలెట్‌తో అద్దకము చేయబడినది' అని వ్రాసినంత మాత్రమున చదువరికి తెలియునది స్వల్పము. ఆ రంగు ఏ ద్రావకమున కరగినది, కోత మొత్తముమీద నీటిలో ఎన్ని సెకనులున్నది, ఆరినపిమ్మట సూక్ష్మదర్శినిక్రింద ఎంతసేపున్నది, ఆ గదిలో గాలితేమ యెంత, పోల్చబడిన రెండుజాతుల కణములకు ఈ కాలములు సమానములా అనునవి వ్రాయవలెను. రంగుపేరు వీనిలో కడపటిది.

ఫార్మలినులో నానబెట్టి మైనమున పొదిగిన పాతముక్కలు ఆసుపత్రుల అరలలో అనేకములున్నవి. వానికి ఈ నియమములు చాలవరకు వర్తింపవు. ఫార్మలిను ఆర్.ఎన్.ఏ.ను ప్రోటీనులతో ముడివేయును. నిలువయున్న యేండ్లలో అది తునకలగును. అద్దకము చేరకమునుపే నష్టము ముగిసియుండును. వానియందు అఖండతాంకమునకు బదులు 200 న్యూక్లియొటైడులకు మించిన తునకలు నూటికి ఎన్ని పాళ్ళున్నవో చూచెదరు, పొట్టి తునకలనే చదువు పద్ధతులను ఎన్నుకొనెదరు. అట్టి ముక్కకు హెమటాక్సిలిన్ తీరికగా వేసికొనవచ్చును.

పారిభాషికపదమును గూర్చి ఒక్కమాట. ఈ సందర్భమున ఆంగ్లపు 'ఇంటెగ్రిటీ'కి 'సమగ్రత' అని వ్రాయువారు కలరు. సమగ్రత యనగా అన్నియు ఉండుట. తునకలన్నియు గాజుపాత్రలోనే యున్నను ఆర్.ఎన్.ఏ. చెడినట్లే, చెడినది లేకపోవుటచేత కాదు, తెగుటచేత. కావున ఈ వ్యాసమున 'అఖండత' అని వాడితిని.